చక్రాలు ఆనాక అసలు పరీక్ష

హబ్సిగూడలో మా రూమ్ డాబా మీద సాయంత్రం టీ తాగుతుంటే అప్పుడప్పుడు బేగంపేట వైపు ఓ చిన్న విమానం డర్రుమంటూ పోతుంటుంది. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక ప్రయాణికుల విమానాలన్నీ అటు వెళ్లిపోయాయి గానీ, ఇక్కడ చిన్న విమానాల చప్పుడు పూర్తిగా ఆగలేదు. ఒకప్పుడు ఓ చూపు చూసి వదిలేసేవాణ్ని. మా కాక కొడుకు పైలట్ కోర్సులో చేరాక మాత్రం అది కనుమరుగయ్యేదాకా కళ్లు తిప్పలేకపోతున్నా.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ వాడు రూమ్‌కొచ్చాడు. రాత్రి డాబా ఎక్కాక గానీ నోరు విప్పలేదు. ఒంటరిగా ల్యాండ్ అవుతుంటే విమానం ఎడమకు కోసుకుపోయి రన్‌వే దాటి గడ్డిలో ఆగిందట. "చక్రాలు ఆనినయి కదా, ఇంక అయిపోయిందనుకున్న అన్నా. అక్కడే పోయింది" అన్నాడు. ఫీజు కోసం కాక రెండెకరాలు అమ్మాడు. ఆయనకు ఈ సంగతి ఇంకా తెలీదు.

అసలేం జరిగింది? గాలిలో ఉన్నంతసేపు పక్కగాలి వీస్తే ముక్కును కాస్త గాలివైపు తిప్పుకుని, ఏటవాలుగా వస్తారు. నేల తాకే ముందు ముక్కును రన్‌వే మధ్య గీతకు సరిచేసి, గాలి వచ్చే వైపు రెక్కను కొంచెం వంచుతారు. చక్రాలు ఆనగానే లెక్క మారిపోతుంది. తోక మీద నిలువుగా ఉండే రెక్క తెరచాపలా గాలి పట్టి, ముక్కును గాలి వచ్చే వైపే తిప్పేస్తుంది. దాన్ని కాళ్ల కింది పెడల్స్‌తో, అంటే రడ్డర్‌తో ఆపాలి. వేగం తగ్గేకొద్దీ రడ్డర్‌కు పట్టు తగ్గుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ తొక్కాలి. సరిగ్గా అప్పుడే మావాడు కాళ్లు సడలించాడు. ఆ రోజు గాలి ఎడమ నుంచే.

లెక్క ఇంటర్ ఫిజిక్సే. రన్‌వే 27 అంటే 270 డిగ్రీలు, పడమర. 300 డిగ్రీల నుంచి 20 నాట్ల గాలి వీస్తే మధ్య కోణం 30. సైన్ 30 అంటే సగం, కాబట్టి పక్కగాలి 10 నాట్లు. సెస్నా 152ను తయారీదారు దిగి చూపించిన పక్కగాలి 12 నాట్లు, గంటకు సుమారు 22 కిలోమీటర్లు. మన బైక్ అంతకంటే స్పీడుగా పోతుంది!

పాత పుష్పక్‌ల్లాంటి తోకచక్రం విమానాలు ఇంకా మొండివి. తార్నాకలో ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా ట్రాలీని తిప్పి, వెనకవైపు ముందుండేలా నెట్టి చూడండి. కాస్త వంకర పోయిందంటే గిర్రున తిరిగిపోతుంది. బరువు ప్రధాన చక్రాలకు వెనక ఉంటే అంతే. సెస్నాలో బరువు వాటికి ముందుంటుంది, అందుకే కొంత నయం. కొంతే.

అనుభవం ఉంటే ఇవేవీ జరగవని కాదు. 2023 సెప్టెంబర్ 14న విశాఖ నుంచి ముంబై వెళ్లిన లియర్‌జెట్ 45 భారీ వానలో, 700 మీటర్ల విజిబిలిటీలో దిగుతూ రన్‌వే నుంచి పక్కకు పోయి ముక్కలైంది. లోపలున్న ఎనిమిది మందీ బతికారు. ఆ రన్‌వే కూడా 27.

కుదరలేదనిపిస్తే పవర్ ఇచ్చి మళ్లీ పైకి లేవొచ్చు. నేల తాకినా సరే, ముందు చాలినంత రన్‌వే, విమానం ఇంకా మన అదుపులో ఉంటే. ఆ నిర్ణయానికి దొరికేది మాత్రం సెకన్లే.

ఆ రాత్రే కాకకు ఫోన్ చేయించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "దెబ్బలేమన్న తాకినయారా?" అన్నాడు ముందు. తర్వాత, "మళ్ల ఎప్పుడు పోతవ్?"

నిన్న వాడి మెసేజ్: "ఆరు ల్యాండింగ్‌లు. పార్కింగ్ దాకా కాళ్లు తియ్యలే."