బెదురుపిల్లిని మచ్చికచేసికొనుట



నేటి సాయంకాలము నేను మీతో ముచ్చటింపబోవు విషయము మిక్కిలి చిన్నది. కాలువ నీరు, పంటల తెగులు, ధాన్యపు ధర మొదలగు వానిని గూర్చి వినగోరి కూర్చుండిన పెద్దలకు పిల్లిని గూర్చి ప్రసంగమా యని నవ్వు పుట్టవచ్చును. నవ్వుడు, కాని కడవరకు వినుడు. గింజ నిలువచేసికొను ప్రతి యింటికిని ఎలుక శత్రువు, పిల్లి మిత్రము. ఆ మిత్రము మనలను జూచి పాఱిపోవునదైనచో దానిని ఇంటిదానిగా జేసికొనుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానమును నేను చేతిమీది గాటుతో నేర్చుకొన్నవాడను.

నేను చెప్పునది అడవిలో దిరుగు బావురుపిల్లిని గూర్చి కాదు. అది వేఱు జాతి. దాని జోలికి మనము పోరాదు. ఊరిలోనే, గడ్డివాముల చాటునను పాడుబడిన కొట్లయందును పుట్టి, మనుష్యుని చేయి యెఱుగక పెరిగిన పిల్లులు కలవు. చూపునకవి మన యింటి పిల్లులే. నడతయందు మాత్రము అడవి మృగములు. వీనినే నేను బెదురుపిల్లులని యనుచున్నాను. పూర్వమొకరి యింట పెరిగి, త్రోవదప్పి వీధిని బడిన పిల్లి వేఱు. అది తొలుత బెదరినను కొలదిదినములలో పాత చెలిమిని జ్ఞప్తికి దెచ్చుకొనును. బెదురుపిల్లికి జ్ఞప్తికి దెచ్చుకొనుటకు చెలిమియే లేదు.

మూడేండ్ల క్రిందట, దసరా వెళ్ళిన వారమున, మా ధాన్యపుకొట్టు వెనుక బూడిదవన్నె చారలుగల యాడుపిల్లి యొకటి కుక్కల నోటబడి వెనుకకాలు చీరుకొనిపోయి పడియుండెను. మా పాలేరు దానిమీద గోనెసంచి కప్పి, బుట్టలో మూసి, పట్టణములోని పశువైద్యశాలకు చేర్చినాడు. వైద్యుడు మత్తుమందిచ్చి కాలికి కుట్లువేసి, ఆ మత్తులోనే పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్సయు జేసి, పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేసెను. మూడు వారములు దీనిని బయట విడువరాదని చెప్పి రెండవనాడు బుట్టను నా చేతికిచ్చెను.

మా యింటియామెకు ఇది రుచింపలేదు. “కాలు నయమైన తరువాత దీనిని కాలువ కావల విడిచిపెట్టింపుడు. మనుమలు తిరుగు ఇల్లు. గీఱినను కఱచినను ఎవరు పడుదురు?” అని యనెను. ఆమె మాటలో తప్పులేదు. కాని కుంటికాలి పిల్లిని కాలువ కావల విడిచినచో కుక్కలు దానిని రెండవమాఱు విడువవని మాకిద్దరికిని దెలియును. తుదకామె సంక్రాంతివరకు గడువిచ్చినది. అప్పటికిని అది మనుష్యుని జూచి బుసకొట్టుచునే యున్నచో నేను మాఱు పలుకరాదు. ఇదియే మా యొడంబడిక.

గిత్తను కాడికి మరపు విద్య మీలో ననేకులకు దెలిసినదే. ముకుత్రాడు వేయుదుము, జతగా ముసలి యెద్దును గట్టుదుము, కొంత యదలింతుము. ఆ విద్య పిల్లియెడ పనికిరాదు. కారణమేమన, పిల్లి మనము పట్టితెచ్చుకొన్న జంతువు కాదు. మన యింటి పిల్లులన్నియు ఆఫ్రికా అడవిపిల్లి సంతతివని శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. పశ్చిమాసియాలో మనుజులు వ్యవసాయము నేర్చి గింజలు నిలువచేయ మొదలిడగా, గింజలకై యెలుకలు, ఎలుకలకై పిల్లులు తమంతట తామే చేరినవి. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 ఏండ్లనాటి సమాధిలో మనుజుని ప్రక్కనే పిల్లి యెముకలు బయల్పడెనని 2004 వ సంవత్సరమున ప్రకటించిరి. అనగా చెలిమికి తొలియడుగు వేసినది పిల్లియే. ఇప్పటికిని ఆ యడుగు దానినే వేయనీయవలెను. మన పని యడుగు వేయదగిన చోటు చూపుటయే.

మఱియొక సంగతి. పిల్లికూన పుట్టిన రెండవ వారము మొదలు ఏడవ వారమువఱకు మనుష్యుల చేతిలో మెలగినచో పిమ్మట సాధారణముగ వారికి వెఱవదు. ఆ యైదు వారములు గడచిపోయినచో మనుష్యుడు దాని కంటికి పెద్ద వేటమృగమే. కావున అది బుసకొట్టుట పొగరు కాదు, ప్రాణభీతి. ఈ యొక్క సంగతి మనసున నాటుకొన్నచో ఓర్పు దానంతటదియే వచ్చును.

నేను సామానుల గదిని ఖాళీచేయించి, ఒక మూల పాత కొయ్యపెట్టెను బోర్లించి, పిల్లి దూఱునంత రంధ్రము కోయించి, పైన దుప్పటి కప్పితిని. దాగుకొన చోటిచ్చినచో మఱింత దాగును గదా యని మీరనవచ్చును. నేనును అట్లే తలచితిని. కాని హాలెండు దేశమున పిల్లుల శరణాలయములో జేసి 2014 లో ప్రకటించిన పరీక్షయందు, దాగుటకు పెట్టెలుగల పిల్లులే పెట్టెలు లేనివానికంటె త్వరగా కుదుటబడెనని తేలినది. పోవుటకు చోటున్నదని తెలిసిన జీవమే నిలిచి చూడగలదు. గదికి రెండవ మూలను పాత బేసినులో పొడి యిసుక పోసితిని. పిల్లి శుచిగల జంతువు; ఇసుకలో మలమును తానే కప్పుకొనును. తిండి పళ్ళెమును, నీటి మూకుడును దానికి దూరముగ నుంచవలెను.

తొలివారము నాకు పిల్లి కనబడనేలేదు. రాత్రి పెట్టిన తిండి తెల్లవాఱువఱకు మాయమగుట యొక్కటే అది బ్రతికియున్నదనుటకు సాక్ష్యము. ఇచ్చట ఒక హెచ్చరిక. బెదరిన పిల్లి ఒకపూట తినకున్న భయములేదు గాని, రెండు మూడు దినములు ముట్టకున్నచో కాలేయము చెడును. వెంటనే వైద్యునికి చూపవలెను. తిండి విషయమున మనకు పాలు, పెరుగన్నము తోచును. పెరిగిన పిల్లులలో పెక్కింటికి పాలు జీర్ణము కావు. పిల్లి మాంసాహారి, అన్నముతో మాత్రము బ్రతుకజాలదు. మేము ఉప్పు, కారము లేక యుడికించిన కోడిమాంసము, కొంచెము కార్జము, అప్పుడప్పుడు మెత్తళ్ళు పెట్టితిమి. ఉల్లి, వెల్లుల్లి దానికి విషతుల్యములు. జ్వరమునకు మనము మ్రింగు పారాసిటమాలు బిళ్ళ పిల్లి ప్రాణము తీయును.

రెండవ వారమునుండి నా విద్య మొదలైనది. ప్రతిదినము ఉదయమున నొకమాఱు, దీపాల వేళ నొకమాఱు, అదే గడియకు, అదే పళ్ళెముతో పోయి, పెట్టెకు ఆఱు మూరల దూరమున నేలమీద చతికిలబడుదును. నిలుచున్న మనిషి దాని కంటికి తాడిచెట్టు. ప్రక్కకు తిరిగి కూర్చుండి వార్తాపత్రికను మెల్లగా పైకి చదువుచుందును. అందలి వార్తలతో దానికి పనిలేదు. నా గొంతు వినబడినప్పుడెల్ల తిండి దొరకుననియు, కీడు కలుగదనియు తెలియుటయే కావలసినది. మూడు దినములకొకమాఱు పళ్ళెమును జానెడు నా వైపునకు జరుపుదును.

దాని కన్నులలోనికి గ్రుచ్చి చూడరాదు. ఱెప్పవేయక చూచుట జంతువుల భాషలో యుద్ధము పిలుచుట. దానికి మాఱుగా కన్నులు సగము మూసి, నెమ్మదిగా మూసి, నెమ్మదిగా తెఱువవలెను. ఇంగ్లాండులోని ససెక్స్ విశ్వవిద్యాలయమువారు 2020 లో దీనిని పరీక్షించి, ఇట్లు ఱెప్పలు వాల్చిన మనుష్యునికి పిల్లులు తామును ఱెప్పలు వాల్చుట హెచ్చనియు, అట్టి క్రొత్తవాని చెంతకు వచ్చుటయు హెచ్చనియు గనుగొనిరి. పిల్లి కన్నులు మూసికొని పాలు త్రాగునని మనము వేళాకోళము చేయుదుము. మా పిల్లి నాకెదురుగా తొలిమాఱు కన్నులు వాల్చిన సాయంకాలము నాకది వేళాకోళముగా దోచలేదు.

నెలదినములు తిరిగి పదిదినములగునప్పటికి పళ్ళెము నాకు మూరెడు దూరమునకు వచ్చినది. అది నా యెదుటనే తినుచుండెను. గడువు గుర్తుకు వచ్చి నాకు తొందర పుట్టినది. ఇంటియామెకు చూపవలెనను చాపల్యముతో, తినుచున్న దాని తలమీదికి చేయి చాచితిని. తలపైనుండి దిగు చేయి దాని కంటికి గద్ద. తప్పించుకొనుటకు వెనుక గోడ. గదిలో పెట్టి కొట్టిన పిల్లి పులియగునని మన పెద్దలు చెప్పిరి గదా. నేను కొట్టలేదు గాని, దానికి రెంటికిని భేదము తెలియదు. బొటనవ్రేలి మొదట పండ్లు దిగినవి.

ఈ సంగతి మీరు జాగ్రత్తగా వినవలెను. పిల్లి కాటు చూచుటకు చిన్నది, లోతునకు పెద్దది. చీము పట్టుట తఱచు. పిచ్చికుక్క వ్యాధి పిల్లివలనను రావచ్చును. ఆ వ్యాధి బయటపడిన పిమ్మట చికిత్స దాదాపు లేనట్లే. కాటుపడిన వెంటనే పాఱు నీటిక్రింద సబ్బుతో పదునైదు నిముషములు గాయమును కడుగవలెను. పసుపు, సున్నము, కారము పూయరాదు. పిల్లికి టీకా వేయించితినిగదా యని ఊరకుండక ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను; వైద్యుడు చెప్పిన సూదిమందులన్నియు చెప్పిన దినములలో వేయించుకొనవలెను. నేనట్లే చేసితిని. మా యింటియామె నాతో రెండు దినములు మాటలాడలేదు.

పిల్లియు మాటలాడలేదనవలెను. మరల పెట్టె వెనుకకు పోయినది. పదిదినములు నేనున్నంతసేపు తిండి ముట్టలేదు. నలుబది దినముల పని ఒక్క క్షణపు తొందరకు ధారపోసితిని. నేను చేయదగినది ఒక్కటే యుండెను: పళ్ళెమును మరల ఆఱు మూరల దూరమున పెట్టి మొదటినుండి మొదలిడుట. ఈమాఱు నాలుగైదు దినములకొక జాన.

ఈ రెండవ చదువులో నేను మాటలాడుట తగ్గించి చూచుట నేర్చుకొంటిని. చెవులు వెనుకకు ఒదిగినను, తోకకొన చటుకుచటుకున ఆడినను, కంటిపాప గుండ్రముగ విరిసినను అది ‘ఇంక వలదు’ అనుచున్నదన్నమాట. అప్పుడు మనమే వెనుకకు తగ్గవలెను. తోక నిటారుగా నిక్కించి వచ్చుట చెలిమి. తాకుటకు తొలుత చేయి పనికిరాదు. పొడుగుకాడ తెడ్డుకు మెత్తని గుడ్డ చుట్టి, క్రిందినుండి మెల్లగా చూపి, అది వాసన చూచి చెక్కిలి రాచినప్పుడు మాత్రమే రాయవలెను. పిమ్మట తెడ్డు కాడను దగ్గఱగా పట్టుచు వచ్చి, తుదకొక వ్రేలు చూపవలెను. చెక్కిలియు గడ్డమును దానికిష్టము. పొట్ట జోలికి పోరాదు.

సంక్రాంతి వచ్చినది. అప్పటికి పళ్ళెము మూరెడు దూరమున నున్నది గాని, నా వ్రేలు దానిని తాకలేదు. ఒడంబడిక ప్రకారము నేనోడితిని. భోగినాటి సాయంకాలము ఇంటియామె తలుపుసందున నిలిచి చూచినది. పిల్లి ఆమెను జూచినది, బుసకొట్టలేదు, పెట్టెలోనికి పోనులేదు, తినుట మానలేదు. ఆమె యేమియు ననక వెళ్ళిపోయినది. మఱునాడు కాలువ మాటను నేనెత్తకమునుపే, ఉప్పు వేయక తీసియుంచిన మెత్తళ్ళ గిన్నెను నా చేతికిచ్చి, “దాని పాలు ఇది” అనెను.

మాఘమాసమున అది తన చెక్కిలిని నా వ్రేలికి రాచి గురగురమనినది. ఉగాదికి తలుపు తెఱచితిని. వెళ్ళినది, నాటి రాత్రి రాలేదు. నేను దీపమార్పక కూర్చుంటిని. తెల్లవాఱుజామున కొట్టుగోడ మీదినుండి దిగి తన పళ్ళెము కడకు వచ్చినది.

ఇప్పటికిని అది ఒడిలో కూర్చుండదు. చుట్టములు వచ్చినచో అటకయెక్కును. మనుమలు దాని వెంటబడరాదని మా యింట కట్టడి. కాని ధాన్యపుకొట్టు కాపు దానిదే. రాత్రి మా యింటియామె మంచము క్రింద పరుండును. ఆమె దానికి చారలమ్మ యని పేరుపెట్టినది.

బెదురుపిల్లులన్నియు ఇంతమాత్రమైన మచ్చికపడునని నేను చెప్పజాలను. కొన్ని యేడాదికిని దరిజేరవు. అట్టిదానిని గదిలో బంధించి బాధింపరాదు. శస్త్రచికిత్సయు టీకాయు చేయించి, కొట్టుకడనే విడిచి, వేళకు తిండి, నీరు పెట్టినను ధర్మమే. శస్త్రచికిత్స మఱువవలదు: పిల్లి రెండు నెలలకే యీనును, ఏట రెండు మూడు ఈతలీనును, ఆ కూనలన్నియు మరల బెదురుపిల్లులే. ఎలుకలమందు తినిన యెలుకను దినిన పిల్లికిని అపాయము కలుగవచ్చును గనుక, పిల్లి యున్నచోట ఆ మందు పెట్టవలదు. గర్భిణులు పిల్లి యిసుకను ఎత్తరాదు. ఇతరులు ఎత్తి చేతులు కడుగుకొనవలెను.

నిదానమే ప్రధానమని మనము పిల్లలకు దినదినము చెప్పుదుము. నా మట్టుకు నేను ఆ మాటను డెబ్బదియవయేట, నేలమీద కూర్చుండి, జానలు కొలుచుకొనుచు నేర్చుకొంటిని. మీ గడ్డివామి చాటున కూడ రెండు కన్నులు మెఱయుచుండవచ్చును. ఱాయి విసరకుడు. రేపు దీపాల వేళ ఒక పళ్ళెము పెట్టి, దూరముగ కూర్చుండి చూడుడు.