బండి చక్రం చెప్పే విమాన రహస్యం

ప్రొద్దుటూరు: చెక్కతో విమానమా అని ముక్కున వేలేసుకోనక్కర లేదు. ఎద్దులబండి నడిపిన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రైతులకు అందులోని కిటుకు తెలిసినదే. ఎండలకు చక్రం వదులైతే బండిని కుంటలో దింపి నానబెట్టేవారు. నీరు పీల్చిన చెక్క ఉబ్బి ఆకులు బిగిసేవి. బండికి మేలు చేసిన ఈ గుణమే విమానానికి ముప్పు తెచ్చింది.

బ్రిటన్‌లో తయారైన 'మస్కిటో' యుద్ధ విమానం 1940 నవంబరు 25న తొలిసారి ఎగిరింది. పలుచని ప్లైవుడ్ పొరల నడుమ తేలికైన బాల్సా చెక్క పెట్టి, జిగురుతో అతికించి దాని ఒడలు చేశారు. మొదట వాడినది పాల నుండి తీసిన కేసీన్ జిగురు. మనకు పొరుగునున్న కోలారు, యలహంకలలో కూడా 1944లో ఈ విమాన దళాలు ఉండేవి. ఆ ఏడే మన దేశంలో కొన్ని విమానాల రెక్కలు గాలిలోనే విరిగి వైమానికులు ప్రాణాలు కోల్పోయారు. నవంబరులో విమానాలను నేలకు దింపి పరీక్షించగా, రెక్క పైపలకకు, లోపలి దూలానికి మధ్య అతుకు సరిగా పట్టలేదని తేలింది. ఎండావానలు ఆ లోపాన్ని పెంచాయి. అప్పుడు రెక్క పొడవునా అతుకు మీద ప్లైవుడ్ పట్టీ వేసి నీరు చొరకుండా కట్టుదిట్టం చేశారు.

పలు దేశాలలో ఔత్సాహికులు నేటికీ ఇంటివద్దే చిన్న చెక్క విమానాలు చేసుకుంటారు. వారు పాటించవలసిన సూత్రాలూ ఇవే. బలం కావాలని మందపాటి చెక్కలు తగిలిస్తే బరువు పెరుగుతుంది. పైగా అతుకు ముగిసినచోటే కొత్త బీట పుడుతుంది. కనుక పట్టీ కొసలను క్రమంగా పలుచన చేయాలి. దూలాన్ని అతకాలంటే రెండు కొసలనూ ఏటవాలుగా చెక్కాలి. అంగుళం మందానికి 12 అంగుళాల వాలు ఉండడం మంచిది. జిగురు పట్టేచోట నూనె, దుమ్ము, పాత రంగు ఉండరాదు. దూలానికి అడ్డదిడ్డంగా మేకులు, రంధ్రాలు వేయరాదు. పని ముగిశాక వేలితో తట్టి చూడాలి. డొల్ల చప్పుడు వస్తే లోపల అతుకు పట్టలేదన్నమాట. ఆపై అనుభవజ్ఞుడైన పరీక్షకుడు చూడనిదే ఎగరరాదు.

బండి ఇరుసు విరిగితే దారి పక్కన ఆపుకోవచ్చు. ఆకాశంలో ఆపుకునే చోటు లేదు. అందుకే అతుకు పని నేల మీదనే తీరిగ్గా, నిజాయితీగా జరగాలి.