వెన్నుపోటు కథయు, దానిని నమ్మిన పెద్దమనుష్యులును

1918వ సంవత్సరము నవంబరు 11వ తేదీ తెల్లవారుజామున ఫ్రాన్సుదేశమందలి కంపియేను అడవిలో, ఒక రైలుపెట్టెలో, యుద్ధవిరామపత్రముపై జర్మనీ పక్షమున సంతకము చేసిన ప్రతినిధివర్గమునకు నాయకుడు సేనాధిపతి కాడు. మథియాసు ఎర్జ్‌బెర్గరను శాసనసభ్యుడు. కాథలిక్కుల రాజకీయపక్షమునకు చెందినవాడు. యుద్ధమును నడపిన హిండెన్‌బర్గు, లూడెన్‌డార్ఫులలో ఒక్కరును అచ్చట లేరు. ఓటమి దస్తావేజుపై తమ చేవ్రాలు పడకుండ వారు తప్పించుకొనిరి.

అసలు సంగతి యిది. ఆ సంవత్సరము ఆగస్టు 8వ తేదీని ఆమియాను వద్ద మిత్రరాజ్యముల సేనలు జర్మను పంక్తులను చీల్చుకొని పోయినవి. సెప్టెంబరు 29వ తేదీని బల్గేరియా ఆయుధములు దించినది. ఆనాడే లూడెన్‌డార్ఫు, ఇక జాగుచేయక యుద్ధవిరామమును కోరవలసినదని కైజరునకు చెప్పెను. ఓడితిమని ముందుగా చెప్పినవాడు, కాబట్టి, సోషలిస్టు కాడు, యూదుడు కాడు, సమ్మెకట్టిన కార్మికుడును కాడు. సైన్యమును నడపిన సేనానియే. రెండు దినములలో తన క్రింది అధికారులతో ఆయన మఱియొక మాటయు అనెను: ఈ స్థితిని తెచ్చిపెట్టిన పక్షములవారినే ఇప్పుడు మంత్రిపదవులలోనికి రప్పింపవలెను, వండినవారే తిందురు గాక యని. యుద్ధమింకను ముగియకుండగనే వెన్నుపోటు కథకు బీజము పడినది.

అయినను కేవలము సేనానుల కల్పన యగుచో అది యంతగా ప్రబలియుండదు. ప్రజలు నమ్ముటకు కారణములు కలవు. యుద్ధము ముగిసిననాటికి జర్మను సైన్యము ఇంకను ఫ్రాన్సు, బెల్జియము భూములలో నిలిచియున్నది. ఆనాటికి ఆల్సేసులో ఒక మూల తప్ప జర్మనీ భూమి శత్రువు చేతిలో లేదు. మార్చిలో రష్యా జర్మనీ చెప్పిన షరతులకు తలయొగ్గినది. సెన్సారు క్రింద నడచిన పత్రికలు జయవార్తలనే వ్రాసినవి. తిండికి కటకటపడుచు, కుమారులను పోగొట్టుకొని, జయము రేపో మాపో యని యెదురుచూచుచున్న గృహస్థు ఒక్క మాసములో వచ్చిన ఓటమివార్తను ఎట్లు నమ్మును? కొత్త ప్రభుత్వమునకు పెద్దయైన ఎబర్టు సైతము, డిసెంబరు 10వ తేదీని బెర్లినుకు తిరిగివచ్చిన సైనికులను స్వాగతించుచు, మిమ్ము ఏ శత్రువును జయింపలేదని పలికెను. మర్యాదకై యన్న మాట యది. అదియే పిమ్మట ఆయన మెడకు చుట్టుకొనెను.

1919 నవంబరు 18వ తేదీని హిండెన్‌బర్గు శాసనసభవారి విచారణసంఘము నెదుట నిలిచెను. అడిగిన ప్రశ్నలను ప్రక్కకు ద్రోసి, వ్రాసి తెచ్చుకొన్న కాగితమును చదివెను. జర్మను సైన్యము వెన్నున పొడువబడినదని ఒక ఇంగ్లీషు సేనాని యనెనని అందు కలదు. ఆ సేనాని పేరు లేదు. తన ఆత్మకథలో ఆయన ఈ ఓటమిని సీగ్‌ఫ్రీడను పురాణవీరుని చావుతో పోల్చెను. మహాసర్పమును చంపి దాని నెత్తుట స్నానమాడినందున సీగ్‌ఫ్రీడు శరీరము వజ్రమైనది. వీపున ఆకు పడిన చోటు మాత్రము మెత్తగా మిగిలినది. హాగెను అచ్చట పొడిచెను. గాంధారి చూపు సోకని దుర్యోధనుని తొడలను గూర్చి మనవారు చెప్పుకొను కథను ఎఱిగినవారికి దీని బలమును వివరింపనక్కఱలేదు. ఇట్టి కథలో వీరుడు బలహీనుడై ఓడడు, ద్రోహమువలననే పడును. తెలిసిన కథలో ఇమిడిన అబద్ధమునకు సాక్ష్యము నెవరును అడుగరు.

ఈ కథలో మఱియొక చమత్కారము కలదు. బాకు కనబడును గాని, దానిని పట్టిన చేయి యెవరిదో నిర్ణయము లేదు. సంధిపత్రము సైన్యమును లక్షమందికి కుదించుటచే కొలువు పోయిన ఆఫీసరునకు ఆ చేయి సోషలిస్టుది. జమీందారునకు సమ్మెకట్టిన కార్మికునిది. యుద్ధమునకు వయసు చాలక వెనుకబడి, ఆ కొఱత తీర్చుకొనగోరు విద్యార్థికి సంతకము చేసిన మంత్రిది. యూదద్వేషికి యూదునిది, ఆ యుద్ధమున సుమారు 12,000 మంది యూదులు జర్మనీకొఱకు ప్రాణములు విడిచిరన్న లెక్క అతనికి పట్టలేదు. విడివిడిగా నుండిన యీ కోపములన్నియు ఒక్క కథ క్రింద చేరినవి. అంతకంటె ముఖ్యమైనది, ద్రోహి యని పేరుపెట్టిన పిమ్మట చంపుట హత్య గాక శిక్షయైనది.

మొదటి గుఱి ఎర్జ్‌బెర్గరే. 1920 జనవరిలో ఒక యువకుడు ఆయనను కాల్చి భుజమున గాయపఱచెను. అతనికి న్యాయస్థానము విధించినది పదునెనిమిది నెలల ఖైదు. 1921 ఆగస్టు 26వ తేదీని నల్లఅడవి ప్రాంతమున షికారు పోవుచుండగా, సైన్యమునుండి వచ్చిన ఇద్దఱు యువకులు, షుల్జు, టిల్లెసెను అనువారు, ఆయనను కాల్చి చంపిరి. ఇద్దఱును మాజీ ఆఫీసర్ల రహస్యసంఘమునకు చెందినవారు.

1922 జూను 24వ తేదీని విదేశాంగమంత్రి రాథెనౌ వంతు వచ్చినది. ఆయన యూదుడు. 1914లో యుద్ధపు తొలిదినములలోనే ముడిసరకుల శాఖను నెలకొల్పి, దిగ్బంధమునందును కర్మాగారములు నిలువకుండ చేసినవాడు. లూడెన్‌డార్ఫు విరామము కావలెనన్నప్పుడు, ఇంకను పోరాడవలెనని పత్రికలో వ్రాసినవాడు. కథ ప్రకారము ద్రోహి ఆయనయే! ఇచ్చట రెండవ కథ మొదటిదానితో అల్లుకొన్నది. యూదపెద్దలు లోకమును వశపఱచుకొన కుట్రపన్నుచున్నారను ‘ప్రోటోకాల్సు’ అను కూటగ్రంథము 1903లో రష్యాలో అచ్చుపడి, 1920లో జర్మనుభాషలోనికి వచ్చినది. ఐరోపా ఆర్థికవ్యవహారములను పరస్పరపరిచితులైన మూడువందలమంది నడపుచున్నారని 1909లో రాథెనౌ వ్రాసిన వాక్యమును దానికి అతికించిరి. ఆయనయే ఆ మూడువందలలో ఒకడని నమ్మితిమని, కారు నడపిన టెకోవను ఇరువదియొక్క యేండ్ల కుఱ్ఱవాని విచారణలో బయటపడినది. ఆ గ్రంథము మూడవ నెపోలియనుపై 1864లో ఒక ఫ్రెంచివాడు వ్రాసిన పుస్తకమునుండి దొంగిలింపబడినదని లండను టైమ్సు 1921 ఆగస్టులోనే వెల్లడించియుండెను. హత్య ఆ పిమ్మట పదినెలలకు జరిగినది.

కాల్చినవారు కొద్దిమంది. మన చదువరులలో న్యాయవాదులును ఉద్యోగులును పెక్కుమంది గలరు గనుక, కాల్చనివారిని గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. గుంబెలను గణితశాస్త్రజ్ఞుడు 1922లో నాలుగేండ్ల రాజకీయహత్యలను లెక్కించి ప్రకటించెను. మితవాదతీవ్రులు చేసినవి 354. అందు 326కు శిక్షయే లేదు. వామపక్షమువారు చేసినవి 22. శిక్ష లేనివి 4. వామపక్షమువారిలో పదిమందికి మరణశిక్ష పడినది. రెండవవైపున ఒక్కరికిని లేదు. ఆ న్యాయాధిపతులు గూండాలు కారు. చట్టమును చదివిన పెద్దమనుష్యులు. ఎవరి చేతను బాకు పట్టనివారు. కాని వారును ఆ కథను సగము నమ్మియుండిరి.

1924 డిసెంబరులో మాగ్డెబర్గు న్యాయస్థానము చెప్పిన తీర్పు చూడుడు. 1918 జనవరిలో మందుగుండు కార్మికుల సమ్మెలో చేరిన ద్రోహి యని తన్ను నిందించిన పత్రికాసంపాదకునిపై అధ్యక్షుడు ఎబర్టు ఫిర్యాదు చేసెను. సమ్మెను ముగించుటకే చేరితినని ఆయన సమాధానము. న్యాయస్థానము అవమానించినందుకు సంపాదకునికి మూడు నెలలు వేసి, చట్టార్థమున ఎబర్టు చేసినది దేశద్రోహమే యని నిర్ణయించెను. యుద్ధములో ఇద్దఱు కుమారులను పోగొట్టుకొన్న తండ్రి యాతడు. కేసుల తొందరలో వైద్యము వాయిదా వేసికొని, 1925 ఫిబ్రవరి 28వ తేదీని ఏబదినాలుగవ యేట మరణించెను. ఆ పీఠముపై ప్రజలు తరువాత కూర్చుండబెట్టినది హిండెన్‌బర్గునే. 1933 జనవరి 30వ తేదీని హిట్లరును ఛాన్సలరుగా నియమించినదియు ఆయనయే.

ఆ మార్చిలో వెలువడిన క్షమాభిక్షచే, విదేశములలో దాగియున్న ఎర్జ్‌బెర్గరు హంతకులు తిరిగి వచ్చిరి. హిట్లరు పోయిన పిమ్మట, 1946 నవంబరులో, ఒక జర్మను న్యాయస్థానము టిల్లెసెనును విచారించి, 1933 నాటి క్షమాభిక్ష చెల్లునని చెప్పి వదలివేసెను. ఆ ప్రాంతమును పాలించుచున్న ఫ్రెంచివారు ఆ తీర్పును కొట్టివేసిరి. 1947లో మఱియొక న్యాయస్థానము పదునైదేండ్లు విధించెను. 1952లో అతడు విడుదలయ్యెను.