పాత డ్యాష్‌బోర్డులో కొత్త ముల్లు

ఉత్తరపాడ ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. బండ్లు మాత్రం ఆగలేదు. పలాస, కాశీబుగ్గ, టెక్కలి వైపు ఒకప్పుడు అద్దె కారంటే అంబాసిడరే, ఊళ్లలోకి వెళ్లాలంటే జీపే. ఆ తరం బండి ఇంటి చావడిలో ఉండిపోయినవాళ్లు ఇప్పుడు దాన్ని బయటికి తీసి, ఇంజిను విప్పించి, రంగు వేయించి మళ్లీ రోడ్డెక్కిస్తున్నారు. అలా ఎక్కించిన బండి జాతీయ రహదారి 16 మీద లారీల మధ్య పరిగెత్తాలి. వేసవి మధ్యాహ్నం రేడియేటర్‌లో నీళ్లు ఎంత కాగాయో, ఇంజినులో ఆయిల్ ఎంత ఒత్తిడితో తిరుగుతోందో డ్రైవరుకు తెలియాల్సింది అప్పుడే.

పాత డ్యాష్‌బోర్డు ఆ సంగతి చాలావరకు చెప్పదు. చాలా మోడళ్లలో ఆయిల్‌కి ఒక చిన్న దీపమే ఉంటుంది. ఆ కాలపు బ్రిటిష్ ఇంజిన్లలో అది ఒత్తిడి సుమారు 7 పీఎస్‌ఐ కంటే తగ్గితే గాని వెలగదు. వేడెక్కిన ఇంజిను హైవే వేగంలో 50 దాకా చూపించాలి. 50 నుంచి 20కి దిగజారుతున్నంతసేపూ దీపం నోరు మెదపదు. అది వెలిగేసరికి బేరింగులు అరిగిపోయి ఉంటాయి. అందుకే బయట కొన్న మీటర్లు బిగించుకోవడం ఫ్యాషన్ కన్నా ముందు అవసరం. ఇది కొత్త అలవాటూ కాదు. 1910లలోనే అమెరికాలో బాయ్స్ మోటోమీటర్ అనే థర్మామీటరును రేడియేటర్ మూత మీద బిగించుకుని, డ్రైవరు అద్దంలోంచి దాన్ని చూస్తూ బండి నడిపేవాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విల్లీస్ జీపుకైతే కంపెనీయే అయిదు మీటర్లు పెట్టింది: వేగం, పెట్రోలు, ఆయిల్ ఒత్తిడి, వేడి, ఆంపియర్లు.

మరి ఏ మీటర్లు పెట్టించాలి? వేడి, ఆయిల్ ఒత్తిడి, వోల్టులు. ఈ మూడూ ఉంటే చాలు. ఆంపియర్ మీటరు మీద మోజు వదులుకోవడమే మంచిది. బండి వాడే కరెంటు దాదాపు అంతా దాని గుండానే పోవాలి. డైనమో రోజుల్లో అది ఇరవై పాతిక ఆంపియర్లు. ఇప్పుడు ఆల్టర్నేటరు, హాలోజన్ దీపాలు, మ్యూజిక్ సిస్టం వచ్చి చేరాయి. డ్యాష్ వెనక ఒక్క నట్టు వదులైనా అక్కడ వేడి పుట్టి వైరు కాలుతుంది. వోల్టు మీటరుకు ఆ బెడద లేదు, సన్నటి వైరు చాలు. ఇంజిను ఆపినప్పుడు 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ముల్లు నిలిస్తే బ్యాటరీ, ఛార్జింగు రెండూ బాగున్నట్టే.

కొనేముందు బోనెట్ ఎత్తి, బ్యాటరీ ఏ కొసను బాడీకి కలిపారో చూడాలి. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ లాంటి 1950ల బ్రిటిష్ కార్లలో పాజిటివ్‌నే ఎర్త్ చేసేవారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే ఎలక్ట్రానిక్ మీటర్లు నెగటివ్ ఎర్త్ బండ్ల కోసం చేసినవి. తిరగేసి కలిపితే మొదటిసారి తాళం తిప్పగానే కాలిపోతాయి. వోల్టులూ అంతే: యుద్ధకాలపు జీపులది 6 వోల్టుల వ్యవస్థ, 12 వోల్టుల మీటరు అందులో సరిగా పనిచేయదు.

ఎక్కువమంది దెబ్బతినేది మీటరుకూ సెండర్‌కూ జత కుదరకపోవడంతో. సెండర్ అంటే ఇంజినులోనో ట్యాంకులోనో కూర్చుని, కొలతను రెసిస్టెన్సుగా మార్చి మీటరుకు పంపే ముక్క. అమెరికన్ పద్ధతి పెట్రోలు సెండర్ ట్యాంకు ఖాళీ అయితే 240 ఓములు, నిండితే 33 ఓములు ఇస్తుంది. వీడీవో కంపెనీ రకం మీటరుకు ఖాళీ అంటే 10, నిండు అంటే 180. ఈ రెంటినీ కలిపితే, పెట్రోలు చుక్క లేకుండా బండి మందస దారిలో ఆగిపోయినా ముల్లు ‘ఫుల్’ దగ్గరే ఉంటుంది. కాబట్టి మీటరునూ సెండర్‌నూ ఒకే పెట్టెలో కొనాలి.

టెంపరేచర్ సెండర్‌ను బిగించకముందే పరీక్షించవచ్చు. గిన్నెలో నీళ్లు పెట్టి, సెండర్ కొసను మునిగేలా తీగతో వేలాడదీయాలి. మల్టీమీటరు వైరు ఒకటి దాని తలకు, ఇంకొకటి ఇత్తడి ఒంటికి తగిలించాలి. నీళ్లు కాగేకొద్దీ ఓములు తగ్గుతూ రావాలి. తగ్గుదల మధ్యలో ఎక్కడైనా అంకె ఎగిరితే ఆ ముక్క పనికిరాదు. పదిహేను నిమిషాల పని, ఆ తర్వాత నెలల తరబడి అనుమానం ఉండదు.

మరలు కూడా మోసం చేస్తాయి. బయట దొరికే సెండర్లలో చాలావాటికి అమెరికన్ ఎన్‌పీటీ మర, పాత బ్రిటిష్ ఇంజిన్లకు బీఎస్‌పీ మర. ఒకటి అంగుళానికి 27 చుట్లు, మరొకటి 28. రెండు చుట్లు బాగానే ఎక్కి తర్వాత బిగుసుకుంటుంది. బలం పెట్టి తిప్పితే ఇంజిను బ్లాకే పాడవుతుంది. అడాప్టరు కొనడమే దారి. లీకవుతుందేమోనని మర నిండా తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టడం ఇంకో అలవాటు. ఒకే వైరున్న సెండర్‌కు ఆ మరే ఎర్త్. టేపు చుడితే ఎర్త్ తెగి ముల్లు పడుకుంటుంది.

వైరింగు దగ్గర పాత బండి ఒక మేలు చేసింది. లూకాస్ కంపెనీ పద్ధతిలో ప్రతి వైరు రంగుకూ ఓ అర్థం ఉంది: బ్రౌన్ బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ తాళంతో పాటు ఫ్యూజు దాటి వచ్చేది, నలుపు ఎర్త్, ఎరుపు మీద తెల్లచార డ్యాష్ దీపాలది. కొత్త మీటర్లకు ఆకుపచ్చ నుంచి, మధ్యలో 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, కరెంటు ఇవ్వాలి. నలభై ఏళ్లలో నలుగురు మెకానిక్‌లు చేయి పెట్టిన బండిలో రంగులను గుడ్డిగా నమ్మకూడదు, టెస్ట్ ల్యాంపుతో చూసుకోవాలి. 1960ల నుంచి స్మిత్స్ కంపెనీ మీటర్లున్న బండ్లలో డ్యాష్ వెనక ఒక చిన్న వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది. పాత మీటర్లకు అది 10 వోల్టులే పంపుతుంది. కొత్త మీటరును దానికి తగిలించకూడదు. పెట్రోలు, టెంపరేచర్ ముళ్లు రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తుంటే తప్పు మీటర్లది కాదు. ఆ స్టెబిలైజర్ ఎర్త్ తుప్పు పట్టిందని అర్థం.

పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో తుప్పు అసలు కథానాయకుడు. బారువ, అక్కుపల్లి, భావనపాడు వైపు నుంచి వీచే ఉప్పుగాలికి 2018 అక్టోబరు నాటి తిత్లీ లాంటి తుపానే అక్కర్లేదు, మామూలు రాత్రుల తేమ చాలు. రాగి వైరును మెలేసి పైన ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకును ఏడాది తర్వాత విప్పితే లోపల పచ్చటి చిలుము కనిపిస్తుంది. కరెంటు పోతుంది గాని సరిగా పోదు, ముల్లు వణుకుతుంది, యజమాని మీటరును తిడతాడు. ఇక్కడ ప్రతి కొసకూ లగ్గు గట్టిగా నొక్కి, పైన జిగురున్న హీట్ స్లీవు తొడిగించాలి. ఎర్త్ బోల్టు కింద రంగు గీకి, మెరిసే ఇనుము మీద బిగించి, ఆ పైన గ్రీజు పూయాలి. అన్ని మీటర్ల ఎర్త్‌నూ ఒకే బోల్టు దగ్గరికి తేవడం ఇంకా మంచిది. ఫైర్‌వాల్ దాటే చోట రబ్బరు గ్రోమెట్ లేకపోతే రేకు అంచు వైరును కోస్తుంది. మెకానిక్ వద్దన్నా ఈ ఒక్కటి పట్టుబట్టి వేయించుకోవాలి.

డ్యాష్‌బోర్డుకు కన్నాలు మాత్రం పెట్టొద్దు. సాధారణ మీటరుకు 52 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, ఒకసారి కోసిన రేకు మళ్లీ అతకదు. డ్యాష్ కింద విడిగా బిగించే చిన్న ప్లేటులో మూడు మీటర్లూ కూర్చుంటాయి, ఎప్పుడైనా విప్పేయొచ్చు. 2021 జులైలో కేంద్రం చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజినులో పెద్ద మార్పులు లేని బండికి వింటేజ్ గుర్తింపుగా ‘వీఏ’ నంబరు ఇస్తారు. మీటర్లు ఆ మార్పుల కిందికి రావు. అయినా అసలు డ్యాష్ చెక్కుచెదరని బండికి కొనేవాళ్ల దగ్గర ఉండే విలువ వేరు.

డబ్బు ఒకేసారి చాలకపోతే ముందు ఆయిల్ ప్రెషర్ మీటరు, తర్వాత టెంపరేచర్, ఆఖరున వోల్టు మీటరు పెట్టించండి. ఏది పెట్టించినా, పని మొదలుపెట్టేముందు బ్యాటరీ ఎర్త్ వైరు విప్పించండి.