ప్రాసెసర్ సమయం ఎటు పోతోంది?

కొత్త సర్వర్ చిప్ విడుదలైన ప్రతిసారీ, పాతదానికంటే ఇంత వేగం అంటూ ఒక అంకె వినిపిస్తుంది. ఇలాంటి అంకెలు తరచూ స్పెక్ సీపీయూ వంటి ప్రామాణిక పరీక్షల నుంచి వస్తాయి. ఎంపిక చేసిన కొన్ని ప్రోగ్రామ్‌లను చిప్‌పై నడిపి, ఎంత త్వరగా ముగించిందో చూసి మార్కులు వేస్తారు. మరి డేటా సెంటర్‌లో అదే చిప్ రోజంతా చేసే పని ఈ పరీక్షల్లాగే ఉంటుందా?

గూగుల్, హార్వర్డ్ తదితర సంస్థల పరిశోధకులు ఈ సంగతిని ప్రయోగశాలలో కాకుండా, పనిలో ఉన్న సర్వర్లలోనే పరిశీలించారు. ప్రాసెసర్ లోపలే ఉండే కౌంటర్ల సాయంతో 20 వేలకు పైగా యంత్రాల నుంచి మూడేళ్లపాటు నమూనాలు సేకరించి, 2015లో ఫలితాలు ప్రకటించారు.

ముందుగా తేలింది, అక్కడ ఏ ఒక్క ప్రోగ్రామ్‌దీ పెత్తనం కాదని. అన్నిటికంటే ఎక్కువగా నడిచేది కూడా మొత్తం సమయంలో దాదాపు పదో వంతే తీసుకుంటోంది. అంటే ఒక ప్రోగ్రామ్‌ను చెక్కి పదును పెట్టినంత మాత్రాన ఒరిగేది తక్కువ. మరో లెక్క ఇంకా ఆసక్తికరం. డేటాను కుదించడం, ఒకచోటి నుంచి మరోచోటికి నకలు చేయడం, మెమరీ కేటాయించడం, సర్వర్ల మధ్య సందేశాలను సర్ది పంపడం వంటి పనులకే దాదాపు 30 శాతం సమయం ఖర్చవుతోంది. వెతుకులాటైనా, ఈమెయిలైనా, వీడియో అయినా ఈ ఖర్చు తప్పదు. పరిశోధకులు దీనికి ‘డేటా సెంటర్ పన్ను’ అని పేరు పెట్టారు.

అసలు చిక్కు మరోచోట ఉంది. పెళ్లి వంటలో మాస్టర్ పక్కనే చిన్న బల్ల ఉంటుంది. నాలుగే వంటకాలైతే కావలసినవన్నీ దాని మీదే పడతాయి. నాలుగు వందల వంటకాలను తలా ఒక గరిటె చేయమంటే? చేయి తిరిగిన మాస్టర్ కూడా సామాను కోసం స్టోరు గది వైపు చూస్తూ నిలబడాల్సిందే. ఆ కాలపు సర్వర్ ప్రాసెసర్ కోర్‌లో ఆదేశాలు ఉంచుకునే అతి దగ్గరి బల్ల, అంటే ఎల్1 ఇన్‌స్ట్రక్షన్ క్యాష్, 32 కిలోబైట్లు. సర్వర్ ప్రోగ్రామ్‌లేమో పదుల మెగాబైట్లు దాటిపోయాయి. వచ్చిన ప్రతి అభ్యర్థనా భద్రత, లాగింగ్, గణాంకాలు వంటి పొరలన్నిటినీ కొద్దికొద్దిగా తాకుతూ పోతుంది. దాంతో తర్వాతి ఆదేశం కోసం కోర్ ఎదురుచూస్తుంది. చిన్న లూప్‌నే లక్షల సార్లు తిప్పే పరీక్షలో ఈ ఎదురుచూపు పెద్దగా కనిపించదు.

ఇది ప్రోగ్రామర్ల బద్ధకమని కొట్టిపారేయడం తేలికే కానీ, సరికాదు. ఆ పొరల్లో చాలావాటిని ఏదో ఒక అవసరం కోసమే చేర్చారు.

పరిష్కారాలు రెండు వైపుల నుంచీ వస్తున్నాయి. ఫేస్‌బుక్ ఇంజినీర్లు తయారుచేసిన ‘బోల్ట్’ అనే ఉపకరణం, ప్రోగ్రామ్ నడిచిన తీరును గమనించి, ఎక్కువగా వాడే కోడ్‌ను పక్కపక్కకు చేరుస్తుంది. 2023 జనవరిలో వచ్చిన ఇంటెల్ సర్వర్ చిప్‌లలో కుదింపుకూ, నకలుకూ విడి యంత్రాంగాలు చేరాయి. పెద్ద డేటా విషయంలో ఇవి కోర్‌కు పని తగ్గిస్తాయి. చిన్న చిన్న ముక్కలకైతే, పని అప్పగించి జవాబు అందుకునేలోపే కోర్ దాన్ని సొంతంగా ముగించేస్తుంది.