ఎడం లేని కాన్పులు.. ఆపరేషనే అడ్డుకట్ట

కుటుంబ నియంత్రణ అనగానే ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో స్ఫురించేది పిల్లల ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఈ శస్త్రచికిత్స చేయించుకున్నారు. జాతీయ సగటు 38 శాతం లోపే. కాపర్-టి, మాత్రలు, నిరోధ్ వంటి తాత్కాలిక పద్ధతుల వాడకం నామమాత్రం.

సంతానాన్ని పరిమితం చేయడంలో రాష్ట్రం ఎన్నడో ముందంజ వేసింది. అదే సర్వేలో సగటు సంతానం 1.7గా తేలింది. చిక్కల్లా కాన్పుల మధ్య ఎడం లేకపోవడమే. 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే వివాహమైంది. వెనువెంటనే రెండు కాన్పులు, ఆపై ఆపరేషన్. పాతికేళ్లకే ఈ మూడూ ముగిసిపోయే తల్లులు గ్రామాల్లో కోకొల్లలు. రక్తహీనత సగానికి పైగా మహిళలను పీడిస్తున్న రాష్ట్రంలో ఈ తొందర తల్లీబిడ్డలిద్దరికీ చేటే. కాన్పుల మధ్య కనీసం మూడేళ్ల ఎడం ఉండాలని వైద్యులు చెబుతున్నారు.

అంతర, ఛాయ: ఈ రెండూ 2017లో ప్రభుత్వ కార్యక్రమంలో చేరాయి. అంతర మూడు నెలలకోసారి వేయించుకునే ఇంజెక్షన్. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన ఛాయ హార్మోన్లు లేని మాత్ర. తొలి మూడు నెలలు వారానికి రెండు, తరువాత వారానికి ఒకటి చొప్పున వాడాలి. పాలిచ్చే తల్లులూ వాడవచ్చు. కాన్పయిన 48 గంటల్లోగా అమర్చే కాపర్-టి మరో మార్గం. 380-ఎ రకం పదేళ్లు పనిచేస్తుంది.

అందుబాటులో ఉన్నా ఆదరణ ఎందుకు లేదు? అంతర వేయించుకున్న వారిలో నెలసరి క్రమం తప్పవచ్చు, ఆగిపోనూవచ్చు. ‘చెడు రక్తం లోపలే నిలిచిపోతుంది’ అన్న భయంతో రెండో మోతాదుకు వెనుకాడతారు. వాస్తవానికి అది మందు ప్రభావమే తప్ప రక్తం నిలవ ఉండదు. మానేశాక గర్భం దాల్చడానికి 7 నుంచి 10 నెలలు పట్టవచ్చు. ఇక సంతానమే కలగదేమోనన్న అపోహ ఇక్కడే పుడుతుంది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఈ సంగతులు ఇంజెక్షన్‌కు ముందే, వీలైతే అత్తగారి సమక్షంలో వివరించాలి. కరపత్రాలు పంచినంత మాత్రాన ఈ భయం తీరదు.

లక్ష్యాల కోసం జరిపే శిబిరాల ఫలితం తెలిసిందే. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శిబిరంలో శస్త్రచికిత్సల అనంతరం 13 మంది మహిళలు మరణించారు. శిబిరాలను మూడేళ్లలో నిలిపివేయాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

స్థానిక ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో రాష్ట్రం తొలగించింది. సంతానం పెంచుకోమన్న పిలుపులూ వినిపిస్తున్నాయి. ఎడం పాటించే పద్ధతుల అవసరం దీనితో తీరిపోదు. ఎప్పుడు కనాలన్న నిర్ణయం తల్లి చేతిలో ఉండాలంటే ఉపకేంద్రంలో మందుల నిల్వ నిండుకోకూడదు.

పురుషుల సంగతి చెప్పనక్కర్లేదు. కోత, కుట్టు లేని వేసెక్టమీ ట్యూబెక్టమీ కన్నా సులువు. అయినా బరువు పనులు చేయలేమన్న అపోహతో ముందుకొచ్చేవారు రాష్ట్రంలో ఒక శాతం కూడా లేరు.