ఇంటిపేరు ఏ గడిలో?

హోసూరులో ఉండే మా చిన్నమ్మ ఒకరోజు ఫోను చేసి, "ఏమిరా, మీ చిన్నాయన ఒక్కరే కదా! కంప్యూటరుకు ఇద్దరుగా ఎట్లా కనిపించినారు?" అని అడిగింది. చిన్నాయన పోయిన తర్వాత ఆమెకు రావలసిన డబ్బు నాలుగు నెలలు ఆగిపోయింది. కారణం చిన్నదే. ఒక కాగితంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంది. మరొక దానిలో పూర్తిగా విప్పి చివర రాశారు.

నేను బ్యాంకులో చేరిన కొత్తలో చేతిరాత లెడ్జర్లుండేవి. పేరు ముందువెనుకలైనా గుమాస్తా మనిషి ముఖం చూసి పోల్చుకునేవాడు. కంప్యూటరుకు ముఖం తెలియదు, గడులే తెలుసు.

రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే రెండు ఒప్పందాలు కావాలి. ఏ గడిలో ఏముండాలన్నది మొదటిది. దాన్ని అంకెలుగా మార్చి తీగ మీద ఎలా పంపాలన్నది రెండవది. తేదీనే చూడండి. 03-04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికావారికి మార్చి 4. అందుకే 1988లో ఐ.ఎస్.ఓ. 8601 ప్రమాణం సంవత్సరం, నెల, రోజు అనే వరుసను నిర్ణయించింది.

ఈ రెండు ఒప్పందాలనూ విడదీసి చెప్పిన పద్ధతి 1984లో వచ్చిన ఏ.ఎస్.ఎన్.1. దాని ప్రాథమిక నియమాల్లో 5 అనే అంకెను 02 01 05 అని పంపుతారు. 02 అంటే లోపలున్నది పూర్ణసంఖ్య, 01 అంటే దాని పొడవు ఒక బైటు, 05 అసలు సరుకు. పార్సిలు మీద చీటీ, తూకం, లోపల వస్తువు ఉన్నట్టే. 1998లో వచ్చిన ఎక్స్.ఎం.ఎల్. ఆ చీటీలను మనుషులు కూడా చదవగలిగే మాటల్లో రాయనిచ్చింది. బ్యాంకు సందేశాలకు 2004లో ఐ.ఎస్.ఓ. 20022 వచ్చింది. 2013 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన కొత్త ఆర్.టి.జి.ఎస్. దాని మీదే నడుస్తోంది.

లిపికీ ఒప్పందముంది. 1991 నాటి యూనికోడ్‌లోనే తెలుగు అక్షరాలకు చోటు దొరికింది. అయితే పాత స్విఫ్ట్ సందేశాల్లో రోమన్ అక్షరాలే చెల్లేవి. మన పేరును ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాయడంతో చిక్కు రెట్టింపయ్యేది.

ప్రమాణం గడిని మాత్రమే ఇస్తుంది. అందులో ఏం రాయాలో మనమే చూసుకోవాలి. మనకు ఇంటిపేరు ముందు. పాస్‌పోర్టు ఫారంలో దానికి వేరే గడి. తమిళనాట స్థిరపడిన మనవారిలో కొందరు ఇంటిపేరు వదిలి తండ్రి పేరు పొడి అక్షరం పెట్టుకున్నారు. ఏదీ తప్పు కాదు. ఒకే మనిషికి మూడు రకాలుగా ఉండడమే ముప్పు.

చివరకు అఫిడవిట్టు ఇచ్చాక చిన్నమ్మకు డబ్బు చేతికందింది. ఈ ఆదివారం మీ ఇంట్లోవాళ్ళ పాసుబుక్కు, ఆధార్, పాన్, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడండి. పేర్లలో తేడా ఉంటే, ఆ మనిషి మన మధ్య ఉండగానే సరిచేయించుకోండి.